తేలు కుట్టని దొంగ

మధ్యాహ్నం 1.40కి కవరు పోయిందని తెలిసింది.

పోయింది ఒకటే కవరు. గోధుమ రంగు. వెనక మూడు లక్క ముద్రలు. లోపల ఒక కాగితం, కాగితం మీద అరవై నంబర్లు.

2.20కి ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. ముందు కుడికాలు. తర్వాత ఒక మూలుగు. తర్వాత ఎడమకాలు. ఎడమ మోకాలు అతని మాట వినడం మానేసి పదకొండేళ్లయింది.

నొప్పుల ఆసుపత్రి మూడో అంతస్తులో ఉంది. లిఫ్టుకు 'పనిచేయదు' అని బోర్డు వేలాడుతోంది. బోర్డు కూడా పాతదే.

యాభై నాలుగు మెట్లు. మెట్టుకొక తిట్టు చొప్పున ఎక్కాడు.

పైన పెద్ద డాక్టరు గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. కుడికన్ను ఎర్రగా ఉంది. చేతిరుమాలుతో అద్దుకుంటున్నాడు.

"ఆలస్యంగా వచ్చారు."

"మెట్లు మీవి, మోకాలు నాది. రెండూ కలిసి ఆలస్యం చేశాయి."

"దొంగ దొరికింది. తీసుకెళ్లడమే మీ పని."

డాక్టరు వేలు చూపించాడు. మూలన స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. తెల్లకోటు, యాభై దాటిన వయసు. మందుల గది ఫార్మసిస్టు. ఏడవడం లేదు. డాక్టరు వేలి వైపే చూస్తోంది, విరిచేద్దామా అన్నట్టు.

"కవర్లో ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మా ప్రయోగం గుట్టు. నరాల నొప్పితో బాధపడేవాళ్లు అరవైమంది. ముప్ఫైమందికి మిరప సారంతో చేసిన క్రీము. ముప్ఫైమందికి అదే రంగు, అదే వాసన, ఉత్తుత్తి క్రీము. పన్నెండు వారాలు పూశారు. ఎవరికి ఏది అందిందో వాళ్లకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. ఆ లిస్టు కవర్లో ఉంది. సాయంత్రం ఐదింటికి బయటినుంచి పరిశీలకురాలు వచ్చి, అందరి ముందూ తెరవాలి."

"కాపీ?"

"ఉండకూడదు. రూలు."

"కవరు దొరక్కపోతే?"

జవాబు కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. డాక్టరు తమ్ముడు. క్రీము తయారుచేయించేది ఇతనే. కుడిచేతిని చల్లని నీళ్ల సీసాకు ఆనించి పెట్టుకున్నాడు.

"దొరక్కపోతే పన్నెండు వారాలూ బూడిదలో పోసిన పన్నీరు. మళ్లీ మొదట్నుంచి, కొత్త ట్యూబులతో, ఇంకో పన్నెండు వారాలు."

"నీకేం పోయింది మరిదీ? ఇంకో మూడు నెలలు ఆ మిరపకాయ బురద కలిపించుకుంటావు."

అన్నది మేనేజరమ్మ. పెద్ద డాక్టరు భార్య. ఆసుపత్రి నడిపేది ఆవిడే. ఒంటికి రెండు సైజులు పెద్దదైన పల్చటి నూలు చొక్కా వేసుకుంది. కుర్చీలో కుడివైపుకు ఒరిగి కూర్చుంది. ఎడమవైపు కుర్చీ చెయ్యి ఖాళీగా ఉంది.

"ఆ బురద గురించి నీకేం తెలుసు వదినా?" అన్నాడు తమ్ముడు.

"చూస్తే చాలదూ? పూసుకోవాలా?"

డాక్టరు ఇద్దరినీ పట్టించుకోలేదు. బల్ల మీదనుంచి ఒక ఉత్తరం తీశాడు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, బీరువా తాళంచెవి ఈవిడ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఐదులోపు ఈవిడను తీసుకెళ్లండి. లైసెన్సు రద్దు చెయ్యమని ఉత్తరం రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది."

"ఇరవై ఆరేళ్ల సర్వీసు సార్," అంది ఫార్మసిస్టు, ఇన్‌స్పెక్టర్‌తో. "ఒక్క సంతకంతో పోతుంది."

*

2.45. మందుల గది.

పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఒక వైపు క్రీము కలిపే బల్ల. ఒక వైపు సింకు. సింకు పక్కన సబ్బు, నూనె సీసా, మడిచిన గుడ్డ. ఎదురుగా స్టీలు బీరువా.

తాళం పగల్లేదు. గీత పడలేదు. ఇన్‌స్పెక్టర్ హ్యాండిల్ పట్టుకుని గుంజి చూశాడు. మూసి చూశాడు. అడ్డంగా ఊపి చూశాడు.

నాలుగు నిమిషాల తర్వాత అతని వేళ్లు మండడం మొదలుపెట్టాయి.

మొదట చీమలు కుట్టినట్టు. తర్వాత వేళ్లు పొయ్యిలో పెట్టినట్టు. సింకు దగ్గరకు వెళ్లి కుళాయి తిప్పాడు. నీళ్లు వెచ్చగా వచ్చాయి. మంట మోచేతిదాకా పాకినట్టు అనిపించింది.

"నీళ్లు పెట్టకండి సార్," అంది వెనకనుంచి ఫార్మసిస్టు. "అది నీళ్లకు పోదు. వేడి తగిలితే ఇంకా రేగుతుంది. నూనెతో తుడవాలి. ఆ తర్వాత సబ్బు."

గుడ్డ మీద నూనె వంచి ఇచ్చింది. ఇన్‌స్పెక్టర్ వేళ్లు తుడుచుకుంటూ ఆమెను చూశాడు.

"హ్యాండిల్‌కు ఏం రాశావు?"

ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మిరప క్రీము. హ్యాండిల్ లోపలివైపు. బయటికెళ్లే ముందు రోజూ రాస్తా. నేను గ్లౌజులు వేసుకునే తెరుస్తా."

"ఎందుకు?"

"ఫలితం తేలాక, ఉత్తుత్తి క్రీము పూసుకున్నవాళ్లలో అడిగినవాళ్లకు ఇవ్వడానికి పన్నెండు ట్యూబులు అదనంగా పెట్టాం. అన్నీ అసలు క్రీమే. మూడు వారాల క్రితం చూస్తే మూడు తక్కువ. చెబితే నా మెడకే చుట్టుకుంటుంది. అందుకే వల వేశా. తేలు కుట్టిన దొంగ అరవలేకపోయినా మొహం దాచుకోలేడు కదా సార్?"

"దొరికాడా?"

"లేదు. అదే నాకు అర్థం కావడంలేదు. వల వేశాక ఇంకో రెండు ట్యూబులు పోయాయి. ఈ అంతస్తులో ఎవరి చెయ్యీ మండలేదు. ఎవరి కన్నూ ఎర్రబడలేదు. ఈ మూడు వారాలూ అందరి వేళ్లే చూస్తున్నా."

"ఈ రోజు?"

"1.10కి రాసి, తాళం వేసి, భోజనానికి వెళ్లా. 1.40కి వచ్చి తెరిచా. కవరు లేదు. కేకేశా. పెద్ద డాక్టరు వచ్చి బీరువా తలుపు లాగారు. తమ్ముడుగారు వచ్చి ఆయన్ని పక్కకు తోసి లాగారు. తర్వాత మేనేజరమ్మ వచ్చారు. ఇద్దరినీ బయటికి పంపి, బీరువా మూసి, దాని హ్యాండిల్ పట్టుకునే నన్ను తిట్టారు. రెండు నిమిషాలైనా తిట్టుంటారు. అందరూ ముట్టుకున్నాక ఇంక నా వల ఎందుకు పనికొస్తుంది?"

ఆమె నూనె సీసాకు మూత పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ వేళ్లు ఇంకా మండుతున్నాయి. వంగి తాళం కన్నంలోకి చూశాడు.

"బీరువా కొన్నప్పుడు రెండు తాళంచెవులు ఇస్తారు. రెండోది?"

"కొన్నది మేనేజరమ్మ. నాకు ఒకటే ఇచ్చారు."

*

3.05. పెద్ద డాక్టరు గది.

"ఒంటిగంట పది నుంచి నలభై దాకా ఎక్కడున్నారు?"

"ఇక్కడే. భోంచేస్తున్నా."

"చూసినవాళ్లు?"

"నేను భోంచేస్తుంటే చూడ్డానికి ఎవరొస్తారు?"

"క్రీము పనిచేస్తుందని ఎన్ని సభల్లో మాట్లాడారు?"

డాక్టరు కన్ను అద్దుకోవడం ఆపాడు. "ఏం చెప్పదలుచుకున్నారు?"

"పని చేయదని తేలితే పరువు పోయేది ఎవరిదని అడుగుతున్నా. ఆ కన్నుకేమైంది?"

"దుమ్ము."

"చేతికి?"

"మీకు అనవసరం. మీ పై అధికారి నాకు తెలుసు."

"నాకూ తెలుసు. ఆయనకూ మోకాళ్ల నొప్పులే. మీ దగ్గరకు వచ్చి తగ్గలేదట."

3.15. కిటికీ దగ్గర తమ్ముడు. సీసాలో నీళ్లు వేడెక్కాయి, చెయ్యి చల్లబడలేదు.

"ఆ టైములో ఎక్కడ?"

"కింద కార్లో. ఫోను మాట్లాడుతున్నా. ఒంటరిగానే. అడగబోతున్నారుగా?"

"ఫలితం బాగా రాకపోతే ఏం చేస్తారు?"

"పొద్దున్నే అందరి ముందూ చెప్పా. పదిమందిలో ఐదుగురికైనా తగ్గకపోతే ఆ క్రీము ఆపేస్తా. ఆ ఘాటు కలిపేవాళ్లు నెలకొకడు పారిపోతున్నాడు. అన్నయ్య మాటలు నమ్మి దిగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అప్పుడే ఊరుకోవాల్సింది."

"అంటే కవరు పోతే మీకు నష్టం లేదు."

"మీకు మోకాలొకటే కాదన్నమాట, బుర్ర కూడా కుంటుతోంది. మళ్లీ అరవైమందిని ఎవడు వెతుకుతాడు, మీరా?"

3.25. మేనేజరమ్మ గది. బల్ల మీద స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ. ఇన్‌స్పెక్టర్‌కూ ఒక గ్లాసు పెట్టింది. పట్టుకోబోయి వదిలేశాడు. నూనెతో తుడిచిన వేళ్లు కూడా మళ్లీ భగ్గుమన్నాయి.

ఆవిడ తన గ్లాసును వేళ్లతో చుట్టి పట్టుకుని తాగుతోంది.

"రెండో తాళంచెవి ఏదమ్మా?"

"ఎప్పుడో పోయింది. పదేళ్ల బీరువా. నా మొహం చూస్తే తాళంచెవులు దాచుకునేదానిలా ఉన్నానా?"

"ఆ టైములో?"

"ఈ కుర్చీలోనే. కుర్చీని అడగండి."

"ఎవరి మీద అనుమానం?"

"అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు. పొయ్యిలోని కట్టెలు ఒకదాన్నొకటి కాల్చుకున్నట్టు బతుకుతారు. ఆ ఫార్మసిస్టుకు అంత తెలివి లేదు. అయినా తీసుకెళ్లండి. కాసేపు మా ఆయన నోరు మూతపడుతుంది."

*

3.50. బయట రోగుల హాలు. నాలుగు బెంచీలు. సాయంత్రం ఫలితం వినడానికి వచ్చినవాళ్లు పదకొండుమంది. ఒంటిగంట నుంచి ఎవరూ కదల్లేదని కౌంటరులో అమ్మాయి చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ మోకాలు పట్టుకుని చివరి బెంచీ మీద కూలబడ్డాడు. పక్కన ఒక పెద్దాయన. అందరూ బస్సు మామ అంటారు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు. షుగరు వచ్చి పాదాలు మండుతుంటే, మంటకు మంటే మందని ఇక్కడికొచ్చాడు.

"కవరు పోయిందటగా సారూ?"

"పోయింది. ఎవరికి ఏ క్రీము ఇచ్చారో ఇక తెలియదట."

బస్సు మామ నవ్వాడు. ముందు పళ్లు రెండు లేవు.

"ఎవరికి తెలియదు? డాక్టరుకు తెలియదు. మాకు మొదటిరోజే తెలుసు. పూసుకున్న గంటకు కాలు నిప్పుల్లో పెట్టినట్టుంటే అసలుది. వెన్న రాసినట్టుంటే ఉత్తుత్తిది. అదిగో ఆ టైలరమ్మది వెన్న. నాది నిప్పు. ఆవిడకు అది తెలిసిన రోజునుంచి నొప్పి ఇంకా పెరిగింది. నాకు తెలిసిన రోజునుంచి సగం తగ్గింది. అందులో మందెంతో సంతోషమెంతో ఆ దేవుడికే తెలియాలి."

"డాక్టరుకు చెప్పలేదా?"

"ఆయన నొప్పి ఎంత అని అడుగుతాడు. మంట ఎంత అని అడగడు. రోజూ మేం నింపే కార్డులో రెండు గళ్లున్నాయి. రెండోది మేం రాయడమే, ఆయన చదవడం లేదు."

ఇన్‌స్పెక్టర్ తన వేళ్లు ఊదుకున్నాడు. మామ చూశాడు.

"తగిలిందా? మొదటి వారం అంతే. నన్ను కన్నవాళ్లనూ తిట్టుకున్నా. రోజుకు నాలుగుసార్లు పూయాలి. మానకుండా పూస్తే మూడో వారానికి ఆ చోటు మొద్దుబారుతుంది. పూసే వేళ్లు కూడా. ఇప్పుడు నా వేళ్లకు పూస్తే చల్ల పోసినట్టే."

ఇన్‌స్పెక్టర్ లేచాడు. జేబులోంచి నూనె గుడ్డ తీసి, దానికి అంటుకుని ఉన్న క్రీమును మామ చూపుడువేలికి రాశాడు. ఐదు నిమిషాలు గడియారం చూశాడు. పది నిమిషాలు చూశాడు.

మామ ఆవలించాడు.

"ఇంతకీ మీ దొంగ దొరికాడా సారూ?"

"దొరికినట్టే. ఇన్నాళ్లూ అందరూ తప్పు వేళ్లు చూస్తున్నారు."

4.10. ఇన్‌స్పెక్టర్ రికార్డుల గదికి వెళ్లాడు. రోజూ క్రీము పూసుకునేంత నొప్పి ఉన్న మనిషికి ఇక్కడే ఎక్కడో ఒక ఫైలు ఉండాలి. ఒకటే మాట మనసులో పెట్టుకుని వెతికాడు. ఈ ఆసుపత్రిలో ఎవరూ తెరవని ఫైలు ఏది?

4.40కి దొరికింది.

*

4.55. పెద్ద డాక్టరు గది. పరిశీలకురాలు వచ్చింది. సన్నటి మనిషి, కళ్లద్దాలు, మాట తక్కువ. అన్నదమ్ములు, మేనేజరమ్మ, ఫార్మసిస్టు బల్ల చుట్టూ ఉన్నారు. బల్ల మీద డాక్టరు ఉత్తరం, పక్కన పెన్ను.

"అరెస్టు?" అన్నాడు డాక్టరు.

"ముందు ఒక లెక్క. ఫార్మసిస్టు హ్యాండిల్‌కు మిరప క్రీము రాసింది."

తమ్ముడు సీసా వదిలేశాడు. "ఏమిటీ?"

"మీ చెయ్యి, మీ అన్నగారి కన్ను ఆవిడ వలలో పడ్డవే. నా వేళ్లు కూడా. మధ్యాహ్నం నుంచి నేను తేలు కుట్టిన దొంగ కోసం వెతికాను. మూడు వారాలుగా ఆవిడా వెతికింది. ట్యూబులు పోతున్నాయి, ఒక్క చెయ్యీ మండటం లేదు. ఎందుకు? తేలు అందరినీ కుట్టింది, దొంగను తప్ప. రోజూ నాలుగుసార్లు ఈ క్రీము పూసుకునే వేళ్లకు ఇది కుట్టదు. ఈ రోజు హ్యాండిల్ పట్టుకున్నది ముగ్గురు. ఇద్దరు మండిపోతున్నారు. మూడో మనిషి రెండు నిమిషాలు పట్టుకుని తిట్టి, ఆ చేత్తోనే పొగలు కక్కే గ్లాసు పట్టుకుని టీ తాగింది."

మేనేజరమ్మ తన వేళ్లు చూసుకుంది. మొదటిసారి చూస్తున్నట్టు.

"ఈవిడా?" అన్నాడు డాక్టరు. "దీనికి నొప్పేమిటి? దీనికేం లేదు."

"అదే రాశారు మీరు."

ఇన్‌స్పెక్టర్ చంకలోంచి ఒక పల్చటి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. దుమ్ము లేచింది. పైన మేనేజరమ్మ పేరు. లోపల ఒకటే కాగితం. రెండేళ్ల కిందటిది. నడుము ఎడమవైపు సర్పి పొక్కులు. పొక్కులు మానాయి. నొప్పి మానలేదు. బట్ట తగిలినా ఓర్చుకోలేనంటోంది. కింద డాక్టరు చేతిరాత. రెండే మాటలు. 'ఏమీ లేదు.'

ఆ కాగితం వెనక గోధుమ రంగు కవరు. మూడు ముద్రలూ చెక్కుచెదరలేదు.

"ఆయన ఆ ఫైలు మళ్లీ తెరవడని మీకు గట్టి నమ్మకం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇరవై ఏళ్ల కాపురం," అంది మేనేజరమ్మ. "ఆ మాత్రం తెలియదా?"

రెండో తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పడేసింది.

"బజారులో దొరికేవన్నీ పూశా. ఈకతో గోకినట్టుంది. ఇది ఒక్కటే పనిచేసింది. మొదటి వారం గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చా. పక్క గదిలోనే పడుకున్నాడు ఈ నొప్పుల డాక్టరు. కార్డులన్నీ చూశా, తగ్గినవాళ్లు తక్కువే. ఇవాళ ఆ కవరు తెరిస్తే మరిది క్రీము ఆపేస్తాడు. తెరవకపోతే ఇంకో పన్నెండు వారాలు. అంతే నా లెక్క."

"నన్ను అడిగితే ఇచ్చేవాణ్ని వదినా."

"నిన్నా? ముష్టి అడుక్కోవడం ఇంకా రాలేదు మరిదీ."

ఫార్మసిస్టు స్టూలు మీదనుంచి లేచింది.

"అమ్మా, నన్ను జైలుకు పంపేవారు. నా లైసెన్సు పోయేది. మీ నడుము కోసం నా మెడ బలివ్వాలా?"

మేనేజరమ్మ తల తిప్పుకుంది.

5.00. పరిశీలకురాలు ముద్రలు తెంచింది. నంబర్లు, కార్డులు పక్కపక్కన పెట్టింది. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

"అసలు క్రీము ముప్ఫైమందిలో పన్నెండుమందికి నొప్పి సగానికి సగం తగ్గింది," అంది. "ఉత్తుత్తి క్రీముతో ఎనిమిదిమందికి. తేడా నలుగురు. అదీ పూర్తిగా నమ్మలేను. మంటను బట్టి ఎవరిది అసలుదో అందరికీ తెలిసిపోయింది. తెలిశాక తగ్గిందంటే అందులో మందు ఎంత, ఆశ ఎంత?"

"ఐదుగురు అన్నా. పదికి నాలుగు కూడా సరిగ్గా నిలబడలేదు," అన్నాడు తమ్ముడు. కుర్చీ వెనక్కి తోశాడు. "మూసేస్తున్నా."

"సగటు మీద చూస్తే చెప్పుకోదగ్గ ఫలితం లేదు," అన్నాడు డాక్టరు, ఎవరికో పాఠం చెబుతున్నట్టు.

మేనేజరమ్మ అతని వైపు తిరిగింది.

"మీ సగటు రాత్రిళ్లు ఏ పక్కకు తిరిగి పడుకుంటుందండీ? నేను రెండు నెలలుగా ఎడమ పక్కకు పడుకుంటున్నా. రెండేళ్ల తర్వాత. నాకు ఆశ లేదు. ఆ మందంటే అసహ్యం, మీరంటే అంతకన్నా. అయినా తగ్గింది. అది మీ కాగితంలో ఏ గడిలో రాస్తారు?"

పరిశీలకురాలు పెన్ను తెరిచింది. "మీరు ప్రయోగంలో లేరు. ఏ గడిలోనూ రాయలేను." కాగితం చివరి పేజీకి తిప్పింది. "కానీ కింద ఒక వాక్యం రాస్తాను. కొందరికి బాగా పనిచేస్తుంది, ఎవరికో ముందుగా చెప్పలేం, అందుకని పూర్తిగా ఆపేయడం తొందరపాటు అని."

తమ్ముడు గుమ్మం దగ్గర ఆగాడు. వదిన వైపు చూడలేదు. లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. ఒక తెల్లకాగితం డాక్టరు ముందుకు జరిపాడు.

"ఫిర్యాదు రాయండి డాక్టరుగారూ. దొంగ పేరుతో సహా. మధ్యాహ్నం తెగ తొందరపడ్డారు."

డాక్టరు పెన్ను తీసుకున్నాడు. భార్య పేరులో మొదటి అక్షరం దగ్గర ఆగాడు. నుదుటి మీద చెమట. అలవాటుగా చేత్తో తుడుచుకున్నాడు. చెమట కంట్లోకి జారింది, చేతి ఘాటుతో సహా. ఈసారి ఎడమకంట్లోకి.

పెన్ను జారిపోయింది. రెండు కళ్లూ మూసుకుని బల్ల అంచు పట్టుకున్నాడు.

"నీళ్లు," అన్నాడు. "ఎవరైనా నీళ్లివ్వండి."

ఫార్మసిస్టు మందుల గదికి వెళ్లి వచ్చింది. నూనె సీసా, గుడ్డ తెచ్చి సరిగ్గా బల్ల మధ్యలో పెట్టింది.

"చేతికి నీళ్లు పనికిరావు సార్. ముందు నూనెతో తుడవాలి, ఆ తర్వాతే కన్ను కడగాలి. మొదటి వారమే మీకు చెప్పా. మీరు వినలేదు."

డాక్టరు చెయ్యి గుడ్డిగా బల్ల మీద తడుముతోంది. సీసాకు జానెడు దూరంలో ఉంది. మేనేజరమ్మ చూస్తూ కూర్చుంది. తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు.

ఎవరూ జరపలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆగిపోయిన ఫిర్యాదును బల్ల మీదే వదిలేసి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ముందు కుడికాలు.